అత్తగారి గొంతూ అల్లుడి రిమోటూ

ఆదివారం ఉదయం అల్లుడి పథకం చాలా సూటిగా ఉంది. పది గంటలకు సీరియల్ మొదలవుతుంది. రాణి నోరు తెరుస్తుంది. అత్తగారి గొంతు ఐదు స్పీకర్లలోంచి ఒకేసారి మామగారి మీద పడుతుంది.

బడిలో పాఠాలు చెప్పి రిటైరైన అత్తగారికి డబ్బింగ్‌లో అదే మొదటి పాత్ర. వేరే భాష నుంచి తెచ్చిన సీరియల్లో రాణికి గొంతిచ్చారు. అందరూ మెచ్చుకున్నారు, మామగారు తప్ప. "పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్న గొంతేగా! మళ్ళీ టీవీలో కూడా వినాలా?" అన్నారాయన. అత్తగారు నవ్వేసి ఊరుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో స్టూడియో ఊసెత్తలేదు. అది చూసే అల్లుడు ఈ హోమ్ థియేటర్ కొన్నాడు.

అల్లుడు లిఫ్టుల ఇంజినీరు. ఒక్క బటన్‌తో పదిమందిని పైకి లేపే చోట పని. అలాంటి మనిషికి ఇన్ని రిమోట్లంటే ఒళ్ళు మంట. అందుకే అన్నిటికీ కలిపి ఒకే రిమోట్ కొని, పాతవన్నీ పొద్దున్నే చెత్తబండిలో వేసేశాడు.

"ఇదిగో మామయ్యా, ఈ ఒక్క బటన్. నొక్కితే టీవీ, యాంప్లిఫయర్, ఫ్యాను అన్నీ లేస్తాయి. మళ్ళీ నొక్కితే అన్నీ పడుకుంటాయి."

"పసిపిల్లల్ని పడుకోబెట్టే బటన్ కూడా ఉందేమో చూడు," అంటూ మామగారు పేపరు పట్టుకుని కుర్చీ వైపు నడిచారు.

సరిగ్గా అప్పుడే అల్లుడు బటన్ నొక్కాడు. రిమోట్ వెలుగు టీవీకి చేరింది. కింద అల్మరాలో ఉన్న యాంప్లిఫయర్‌కి మాత్రం మామగారి పొట్ట అడ్డొచ్చింది. టీవీ వెలిగింది, శబ్దం లేదు.

"మళ్ళీ నొక్కండి," అంది అల్లుడి భార్య.

మళ్ళీ నొక్కాడు. యాంప్లిఫయర్ లేచింది, టీవీ పడుకుంది. యాంప్లిఫయర్ నిజంగా లేచిందో లేదోనని అల్లుడు వాల్యూమ్ ఆఖరుదాకా పెంచి చూశాడు. చప్పుడు లేదు. ఇంకోసారి నొక్కాడు. టీవీ లేచింది, యాంప్లిఫయర్ పడుకుంది. ఫ్యాను మాత్రం పడుకోవడం ఎరగదు. నొక్కినప్పుడల్లా వేగం పెంచుకుంటోంది.

"టీవీలోంచే శబ్దం రాదా?" అందామె.

"దాని స్పీకర్లు నాసిరకమని నేనే తీసి పక్కన పెట్టాను."

"పోనీ ఆ యాంప్లిఫయర్ మీదే బటన్ నొక్కొచ్చుగా?"

"పిల్లి వైర్లు కొరుకుతోందని అల్మరా గాజు తలుపుకి స్క్రూలు బిగించేశాను. భూకంపం వచ్చినా ఊడవు!"

"భూకంపం వస్తే బాగుండు," అంది భార్య.

పది కావస్తోంది. అల్లుడు సోఫా మీది దిండు అందుకున్నాడు. "మామయ్యా, ఈ దిండు టీవీకి అడ్డం పెట్టండి. దాని కన్ను మూసేస్తే సిగ్నల్ ఒక్క యాంప్లిఫయర్‌కే వెళుతుంది."

"కన్నెక్కడుందయ్యా దీనికి?" అని మామగారు మధ్యలో దిండు అదిమారు. కన్ను కింద మూల ఉంది. అల్లుడు నొక్కాడు, టీవీ ఆరింది. కంగారులో మళ్ళీ నొక్కాడు, టీవీ వెలిగింది. ఫ్యాను హోరుకు పేపరు గదంతా ఎగిరింది. సీరియల్ మొదలైపోయింది.

తెర మీద రాణి సింహాసనం దిగింది. పెదాలు కదిలాయి. గదిలో ఫ్యాను మోత తప్ప ఏమీ లేదు. అల్లుడు సోఫాలో కూర్చున్న అత్తగారి వైపు చూడలేక తల దించుకున్నాడు.

"నా తమ్ముడివి కాబట్టే సంకెళ్ళు వెండితో చేయించాను. తీసుకెళ్ళండి!"

అల్లుడు ఉలిక్కిపడి తలెత్తాడు. మాట వచ్చింది సోఫాలోంచి. అత్తగారు లేవలేదు, చెయ్యి కదపలేదు. తెర మీది పెదాలకూ ఆమె మాటకూ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. ఫ్యాను గాలికి రాణిగారి పైటలాగే ఆమె పైటా ఎగురుతోంది. తమ్ముడు ఏడిస్తే ఆమే ఏడ్చారు, ముసలి మంత్రి దగ్గితే ఆమే దగ్గారు. గుర్రం వస్తే దాన్నీ వదల్లేదు. మళ్ళీ రాణి నోరు తెరిచేసరికి కూతురి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

మామగారు దిండుతో సహా నేల మీదికి జారి, టీవీ కింద మూలకు ఆనుకుని, తన భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయారు.

అల్లుడూ మైమరచిపోయాడు. అతని బొటనవేలు దానంతటదే బటన్ మీద పడింది. టీవీ కన్నుకు దిండు అడ్డం. యాంప్లిఫయర్ ఒక్కటే లేచింది. ఐదు స్పీకర్లలోంచి రాణి గొంతు ఉరిమింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఎట్టకేలకు పథకం పారింది!

మామగారు దిండు విసిరికొట్టి లేచారు.

"ఆపవయ్యా ఆ గోల! మీ అత్తయ్య మాట వినబడనివ్వవా?"

అల్లుడు నొక్కాడు. ఈసారి రిమోట్ తు.చ. తప్పకుండా పనిచేసింది. యాంప్లిఫయర్‌తో పాటు టీవీ కూడా ఆరిపోయింది.

ఆ సంగతి సీరియల్ అయ్యాక గానీ ఎవరూ గమనించలేదు.