ఇంట్లో లేని మ్యూరియల్ బ్లెంకిన్

ఇంగ్లండు రేవుపట్నం గ్రిమ్స్‌బీలోని పాతరేవు ఇళ్ల సంఘం తన అద్దె ఇళ్లన్నిటిలోనూ ఈ ఏటి గ్యాస్ భద్రతా తనిఖీలు నూటికి నూరు పాళ్లు పూర్తయ్యాయని గత సోమవారం సగర్వంగా ప్రకటించింది. కేకు కూడా కోశారు. ఈ ఘనత సిబ్బంది దీక్షకూ, అద్దెదారుల సహకారానికీ దక్కుతుందని అధ్యక్షుడు ఉపన్యసించాడు. సహకారం మాట వచ్చింది కాబట్టి, మా పక్కింటి మ్యూరియల్ బ్లెంకిన్ ఎంతగా సహకరించిందో నలుగురికీ చెప్పడం నా ధర్మం.

మ్యూరియల్‌కు డెబ్బై ఆరేళ్లు. రేవులో నలభై ఏళ్లు చేపలు కోసి, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటి పట్టున ఉంటోంది. ఆమె వంటింట్లో ఇంటిని వెచ్చబరిచే బాయిలర్‌కు ఒక చిన్న గాజు కన్ను ఉంది. అందులో మంట నీలంగా కనిపించాలి. అక్టోబరు నుంచి పసుప్పచ్చగా కనిపిస్తోంది. మంట వెలిగితే ఆమెకు తలనొప్పి, కడుపులో తిప్పడం. వీధిలోకి వస్తే హాయి. కిటికీ తెరిస్తే చలి, మూస్తే తలనొప్పి. మంట అలా పచ్చబడితే రంగూ వాసనా లేని విషవాయువు పుట్టి మనుషుల్ని నిద్రలోనే తీసుకుపోతుందని మా వీధిలో అందరికీ తెలుసు. ఏడాదికొకసారి తనిఖీ చేయాలన్న చట్టం పుట్టిందే అందుకు.

ఆమె సంఘానికి ఫోన్ చేసింది. మంగళవారం ఎలాగూ వార్షిక తనిఖీ ఉంది కనుక విడిగా ఫిర్యాదు స్వీకరించడం కుదరదనీ, వచ్చిన మనిషికే చెప్పుకోవచ్చనీ సమాధానం వచ్చింది. పద్ధతిగానే ఉంది.

మంగళవారం పొద్దున్నే మ్యూరియల్ అల్లం బిస్కట్లు పళ్లెంలో సర్ది, కెటిల్ పెట్టి, తలుపు వెనకాలే నిలబడింది. వ్యాను ఆగింది. తనిఖీదారు గారెత్ స్టబ్స్ దిగాడు. రోజుకు పద్నాలుగు ఇళ్లు చూడాలి ఆ మహానుభావుడు. మనుషులుంటే ఇంటికి నలభై నిమిషాలు, లేకపోతే అర నిమిషం. అందుచేత ‘మీరు ఇంట్లో లేనందుకు విచారిస్తున్నాము’ అన్న కార్డులు వ్యానులోనే రాసిపెట్టుకుంటాడు. తలుపుకున్న ఉత్తరాల సందులోకి అతను కార్డు తోయడమూ, మ్యూరియల్ తలుపు తీయడమూ ఒకేసారి జరిగాయి.

“రా నాయనా, టీ సిద్ధంగా ఉంది.”

“అయ్యో, కార్డు వేసేశానే అమ్మా!”

“వేస్తే ఏమైంది? ఇదిగో, తీసేసుకో.”

“పడ్డ కార్డు తీసుకోకూడదు. ఫోనులో కూడా ఎక్కించేశాను. ఇప్పుడు మీరు ఇంట్లో లేరు.”

“మరి నీతో మాట్లాడుతున్నదెవరు?”

“అది నా పనిలోకి రాదమ్మా,” అన్నాడు స్టబ్స్ చాలా మర్యాదగా.

మరో దేశంలో అయితే ఈపాటికి కాలర్ పట్టుకునేవారు. మ్యూరియల్ మాత్రం కుర్రాణ్ణి ఇబ్బంది పెట్టినందుకు క్షమించమంది. అతనూ క్షమించమన్నాడు. మా ఊళ్లో క్షమాపణ చెప్పడానికి తప్పు చేసి ఉండనక్కర్లేదు. చేసినవాడు అసలే చెప్పనక్కర్లేదు.

రెండోసారి పొరపాటు జరగకూడదని ఆమె జనవరి జల్లులో గొడుగు వేసుకుని గుమ్మం బయటే కుర్చీ వేసుకు కూర్చుంది. స్టబ్స్ ఆమెకు నమస్కారం పెట్టి, ఆమె భుజం మీదుగా వంగి కార్డు వేశాడు. ఈసారి అందులో రాసింది అక్షరాలా నిజం. ఆమె ఇంట్లో లేదు.

మూడోసారి ఆమె తలనొప్పితో మంచం దిగి తలుపు దగ్గరికి వచ్చేసరికి వ్యాను వీధి చివర మలుపు తిరుగుతోంది. ఇక లాభం లేదని సంఘం కార్యాలయానికి వెళ్లింది. అక్కడ, తనిఖీదార్లు ఇళ్లలోకి వెళ్లే ఏర్పాట్లు చూసే ప్రవేశ సమన్వయాధికారి లియొనెల్ ప్రౌట్ ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాగితాలు తిరగేశాడు.

“మీరు ఇంట్లో ఉండరని మూడుసార్లు నమోదైంది మిసెస్ బ్లెంకిన్.”

“ఉంటాను బాబూ. ఇరవై నాలుగ్గంటలూ ఉంటాను.”

“చూడండి, ఇప్పుడు కూడా ఇంట్లో లేరు,” అన్నాడు ప్రౌట్ జాలిగా.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం ప్రౌట్. కాని నిజాయితీపరుడు. అద్దెదారు భద్రత అతనికి ప్రాణసమానం. ఇంట్లో లేని మనిషి ప్రాణం కాపాడటానికి తలుపు పగలగొట్టే అనుమతి కోసం కోర్టుకు వెళ్లాడు. విచారణ రోజు మ్యూరియల్ కోర్టుకు రాలేదు. ఆ పూటే తనిఖీకి మనిషి వస్తాడని సంఘం ఉత్తరం రాసింది కాబట్టి ఇంట్లో కూర్చుంది. మనిషి రాలేదనుకోండి. న్యాయమూర్తి ఆమె గైర్హాజరును తీవ్రంగా గర్హించి ఉత్తర్వు ఇచ్చాడు.

తలుపు పగలగొట్టే రోజు వీధి వీధంతా బయటికి వచ్చింది. ప్రౌట్ మెట్టెక్కి ప్రసంగించాడు: “మిత్రులారా! తలుపు కన్నా ప్రాణం విలువైనది. ఈ ఇంటి మనిషి ఎక్కడున్నా క్షేమంగా ఉండాలన్నదే మా ఏకైక ఆశయం!” మేం చప్పట్లు కొట్టాం. మ్యూరియల్ కూడా తలుపు తీసి బయటికి వచ్చి కొట్టింది.

తాళాల మనిషి మాత్రం నెత్తి గోక్కున్నాడు. “పగలగొట్టి లోపలికి వెళ్లాలని ఉంది కాగితంలో. తెరిచి ఉన్నదాన్ని ఎలా పగలగొట్టను? ఏమీ అనుకోకపోతే, కాస్త లోపలికెళ్లి గడియ పెట్టుకుంటావా పెద్దమ్మా?”

“దానికేం భాగ్యం నాయనా,” అని ఆమె లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. ఎంత మంచిదో కదా అనుకున్నాం అందరం. ఎవరికీ నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

డ్రిల్లుతో తలుపు తొలిచి, గడియ ఊడదీసి లోపలికి వెళ్లారు. ఆమె అందరికీ టీ పోసింది. ప్రౌట్ రెండు బిస్కట్లు తిని ‘ఇల్లు ఖాళీ’ అని రాసుకున్నాడు. స్టబ్స్ మొదటిసారి బాయిలర్ ముందు వంగి చూశాడు. వెంటనే గ్యాస్ కట్టేసి, వాడరాదని ఎర్ర కాగితం అంటించాడు.

“ఇంకో వారం ఇలాగే మండితే ఈ ఇంట్లోంచి శవం లేచేది సార్!”

“ఎవరిది?” అన్నాడు ప్రౌట్ బిస్కట్ నములుతూ.

ఆ తరవాతవన్నీ చకచకా జరిగిపోయాయి. నెలల తరబడి మనిషి జాడలేని ఇల్లు వదిలేసిన ఇల్లు కిందే లెక్క అట. సంఘం ఇల్లు స్వాధీనం చేసుకుని, సామాను గోదాముకు తోలింది. ఖాళీ ఇల్లు కొత్తవారికివ్వాలంటే అన్నీ భద్రంగా ఉండి తీరాలి కనుక రెండు రోజుల్లో కొత్త బాయిలర్ బిగించారు. తనిఖీ పూర్తయింది. నూటికి నూరు అలా నిండింది. మ్యూరియల్ బయట పెరట్లో నిలబడి వంటింటి కిటికీలోంచి తొంగిచూసి, “ఎంత చక్కగా నీలంగా మండుతోందో!” అని మురిసిపోయింది.

ఇప్పుడామె మా ఇంట్లో, సోఫా మీద పడుకుంటోంది. తలనొప్పి లేదు. మేమూ సంఘం ఇంట్లోనే అద్దెకుంటున్నాం కనుక మొన్న మాకూ ఒక ఫారం వచ్చింది. మీ ఇంట్లో మీరు కాక అనుమతి లేకుండా మరెవరైనా ఉంటున్నారా? ఉంటే అద్దె ఒప్పందం రద్దు కావచ్చు. ప్రౌట్‌ను ఇంతసేపూ వెక్కిరించిన నేను ఆ ఫారం ముందు పావుగంట కూర్చున్నాను. సిగ్గేసింది, భయమూ వేసింది. భయమే పెద్దది. ‘ఉన్నారు’, ‘లేరు’ అని రెండు గడులున్నాయి, పక్కపక్కనే.

మ్యూరియల్ నా పక్కనే కూర్చుని ఊలు అల్లుకుంటోంది. నా చేతిలో ఆగిపోయిన కలం చూసి, “నేను కాస్త జరగనా నాయనా? నా నీడ పడి నీకు గడి కనిపించడం లేదేమో,” అంది.

ఆమె జరిగింది. నేను ‘లేరు’ దగ్గర టిక్కు పెట్టాను.