మూడు వందల సిఫారసులు

ఆ సోమవారం ఉదయం గడియారాల మెకానిక్ పెట్టుకున్న పని ఒక్కటే, దుకాణానికి కొత్త బోర్డు రాయించడం. కూతురు తయారుచేసిన వెబ్‌సైట్ సెర్చ్‌లో నాలుగో పేజీలో పడి ఉంది. అంత దూరం ఎవరూ రారు. ఈ నెల కూడా ఇలాగే గడిస్తే దుకాణం మూసి ఫ్యాక్టరీ పనికి వెళ్లక తప్పదు.

బోర్డు దండగ అన్నాడు బావమరిది. వేరే సైట్లు మనకు లింకు ఇస్తే, సెర్చ్ ఇంజిన్ దాన్ని సిఫారసుగా లెక్కపెడుతుందట. సిఫారసులు బావమరిదికి కొత్త కాదు. ఉద్యోగం, పెళ్లి, ఆసుపత్రిలో మంచం, అన్నీ అలాగే సంపాదించాడు.

"మన పని నచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లు ఇవ్వాలి మామయ్యా," అంది కూతురు మెల్లగా.

"వాళ్లకి నచ్చేలోపు మీ నాన్నకి పళ్లు ఊడిపోతాయి."

శుక్రవారానికల్లా మూడు వందల సైట్లు పుట్టించాడు. చాలక, తన భార్య టైలరింగ్ సైట్‌నీ కలిపాడు. అన్నిటిలోనూ దుకాణానికి లింకు, దాని పక్కన ఒకటే వాక్యం: "ఇలాంటి మెకానిక్ మళ్లీ పుట్టడు."

దుకాణం మొదటి పేజీకెక్కింది. జనం కూడా వచ్చారు, కానీ తల వంచుకుని. ఇదివరకు ఇచ్చిన గడియారాలు వెనక్కి తీసుకుపోదామని వచ్చారు. తలుపు తీసింది మెకానికే కావడంతో ఒక పెద్దావిడ అక్కడే కూలబడింది. ఆయన మంచినీళ్లిచ్చి, తాను బతికే ఉన్నానని క్షమాపణ చెప్పుకున్నాడు.

పదోరోజున దుకాణం ఏ పేజీలోనూ లేదు. దొంగ లింకులని సెర్చ్ ఇంజిన్ పసిగట్టి శిక్ష వేసింది. టైలరింగ్ సైటూ మాయమైంది. ఆ రోజు నుంచి బావమరిదితో అతని భార్య మాట్లాడలేదు.

లింకులన్నీ తీసేసి, తప్పు ఒప్పుకుంటూ సెర్చ్ ఇంజిన్ వాళ్లకు రాయాలంది కూతురు. రెండు వారాలు బావమరిది తల ఎత్తకుండా తీశాడు. చివరికి ఒక్కటి మిగిలింది. రిటైరైన మాస్టారు ఒకరు తన పేజీలో ఇలా రాసుకున్నారు: "నాలుగుసార్లు తిప్పించాడు. ఐదోసారి బాగుచేశాడు. ఏడాదిగా నిమిషం తప్పలేదు."

"ఇది తిట్టేగా, తీయించెయ్."

"ఇది మనం రాయించింది కాదు మామయ్యా. ఉండనీ."

నెల తిరిగేసరికి శిక్ష ఎత్తేశారు. టైలరింగ్ సైట్ తిరిగొచ్చింది. దుకాణం మొదటి పేజీలో, అట్టడుగున కనిపించింది. ఆ ఒక్క లింకు చూసుకుని ముగ్గురు గోడ గడియారాలు మోసుకొచ్చారు. ఐదుసార్లు తిరగడానికి సిద్ధపడే వచ్చామన్నారు.

ఆ మధ్యాహ్నమే బావమరిది మాస్టారింటికి వెళ్లి, చెడిపోయిన గడియారాలు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగి వచ్చాడు.