జాడీలో తల

మోత్కూరు అవతల ఒక ఊరి గడీలో, మురహరిరావు దొరవారి స్వీయ పర్యవేక్షణలో, పరమ శుభ్రంగా ద్రాక్షసారా తయారయ్యేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. శుభ్రత విషయంలో దొరవారు రాజీపడేవారు కారు. ఆ శుభ్రతకు కావలసిన చేతులు మాత్రం గోపమ్మవి.

పింగాణీ జాడీలను బూడిదతో తోమడం, మరిగే నీళ్లతో కడగడం, ఎండలో బోర్లించడం, వేపాకు పొగ పట్టడం ఆమె వెట్టి. నిన్న ఆమె అత్త చేసింది, ఇవాళ ఆమె చేస్తోంది, రేపు ఆమె బిడ్డ బిక్షమ్మ చేయాలి. కూలి ప్రసక్తి లేదు గనుక పేచీలకు తావే లేదు. కట్టడి ఒక్కటే. జాడీకి కుంకుడు తగలరాదు, తగిలితే సారా చేదెక్కుతుంది. ఒకసారి తెలియక నురగతో కడిగినందుకు గోపమ్మ వీపు మీద బండ పెట్టి ఎండలో వంచారు. జాడీలతోపాటే ఆమె కూడా ఆరింది.

కడిగాక తనిఖీ ఉండేది. దొరవారు రూమీ టోపీ తీసి పక్కన పెట్టి, ఒక్కొక్క జాడీలో మెడదాకా తల దూర్చి, వాసన చూసి "ఊఁ" అనేవారు. అది లోపల గుయ్యిమని మోగితే జాడీ శుభ్రమైనట్టు. ఇంత శ్రద్ధగా పాలించే దొర ఈ తాలూకాలో లేడని పోలీసు అమీన్ సాబు తాగినప్పుడల్లా మెచ్చుకునేవాడు.

వెట్టి పోయిందని, దొరలకు ఎదురు తిరిగిన సంఘంవాళ్లు ఊళ్లో చాటారు. ఆ కబురు గడీ దర్వాజ దగ్గరే ఆగిపోయింది. తన బతుకు ఎట్లా పోయినా సరే, బిక్షిని ఆ జాడీల దగ్గరికి పంపకూడదని గోపమ్మ మాత్రం గట్టిగా అనుకుంది.

అంతలో పోలీసు చర్య వచ్చింది. రజాకార్లు పారిపోయారు. యూనియన్ సైన్యం లారీలు వస్తున్నాయన్న ఉదయాన దొరవారిలో దేశభక్తి పొంగింది. రూమీ టోపీ పెట్టెలోకి, గంజి పెట్టిన తెల్ల టోపీ తలమీదికి చేరాయి. అధికారులకు విందు ఇవ్వాలి గనుక జాడీలు తోమించి తనిఖీకి కూర్చున్నారు. రూమీ టోపీ పొడుగు, తీయక తప్పేది కాదు. తెల్ల టోపీ కొత్తది, అది నెత్తిమీద ఉందన్న సంగతే ఆయనకింకా అలవాటు కాలేదు. టోపీతో సహా తల దూర్చారు. గంజి అంచు జాడీ మెడలో మడతపడి బిగుసుకుంది. తల రాలేదు.

పాలేర్లు కొందరు జాడీని, కొందరు దొరవారిని పట్టుకుని లాగారు. వాళ్లలో భీమయ్య రోకలి తెచ్చాడు.

"పగలగొడితే తోలు తీస్త! మా తాత జాడీరా అది!" అని జాడీ గర్జించింది.

దూరంగా లారీల మోత. ఊరంతా గడీలో చేరింది.

"గోపీ! ఏదన్న చెయ్యవే!" అంది జాడీ.

"కుంకుడు నురగ పోస్తె జారివస్తది దొరా. కని జాడీకి కుంకుడు తగలొద్దని తమరి హుకుమాయె."

"హుకుం తీసేసిన! పొయ్యి!"

"నీ బాంచెన్ దొరా, గదొక్కటి తీస్తె ఎట్ల? నా వెట్టి, నా బిడ్డ వెట్టి గూడ తియ్యి."

లారీలు దగ్గరయ్యాయి.

"వెట్టి లేదు! నీకు లేదు, నీ బిడ్డకు లేదు, ఊళ్లె ఎవ్వనికి లేదు! పొయ్యవే!"

ఆ మాట గుయ్యిమని మోగింది. ఊరంతా విన్నది. గోపమ్మకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే నురగ పోసింది. తల బయటపడింది. దొరవారు టోపీ పిండి పెట్టుకుని సైన్యానికి ఎదురేగారు.

కొన్ని వారాలు గోపమ్మ గడీ వైపు పోలేదు. తర్వాత దొరవారి మనుషులు వచ్చి ఆమెను తీసుకుపోయారు. కొత్త అధికారి ఆ జాడీలో తయారైన సారా సేవిస్తూ, గ్లాసులో నురగ చూసి విదేశీ రకమని మురిసిపోతూ, వెట్టి లేదన్న మాట మీద విచారణ జరిపాడు.

"మాట ఇచ్చేటప్పుడు దొరగారి ముఖం చూసినవారెవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు.

"అయితే మాట ఇచ్చినది జాడీ. జాడీ దగ్గరే వసూలు చేసుకోవచ్చు. స్వతంత్ర దేశంలో వెట్టి లేదు. కనుక ఇకమీదట ఈ పనిని దేశసేవగా భావించవలెను."

మర్నాటి నుంచి గోపమ్మతోపాటు బిక్షమ్మ కూడా దేశసేవకు రావలసి వచ్చింది.

మొదటి ఎన్నికలు వచ్చాయి. దొరవారే అభ్యర్థి. గడీ ముందు గుంజకు మైకు గొట్టం కట్టారు. జనం ఎక్కువ, వేదిక దూరం, ముఖం కనబడదు.

"సోదర సోదరీమణులారా! ఇక వెట్టి ఉండదు! దున్నేవానిదే భూమి!"

గుయ్యిమని మోగింది. ఊరు చప్పట్లు కొట్టింది. గోపమ్మ బిడ్డ చేయి పట్టుకుని లేచి నిలబడింది.

"దొరా! జర తల బయటికి తీసి చెప్పు!"

ఒక్కరూ నవ్వలేదు. "కూసోవమ్మా, ఇనరాకుంట అయితాంది" అని వెనకనుంచి ఎవరో కసిరారు.

కసిరినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. చదివి మీరు నొచ్చుకోవడం మాకిష్టం లేదు.