డెబ్బై శాతం టాగర్ట్

ఒక మనిషి ఇంకో మనిషికి ఫోను చేసి "నువ్వు మాకు కావాలయ్యా" అని చెప్పడం పరువున్న ఏ సంస్థా చేయకూడని పని అని ప్రపంచంలో మొట్టమొదట తీర్మానం చేసిన ఘనత పోర్ట్ కెన్నిసన్ బేస్‌బాల్ జట్టు యాజమాన్యానిది. జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు. (మా సరస్సు ఒడ్డున కొంగలు వాలే రోజుల్లో పెట్టిన పేరు. ఇప్పుడు కొంగలూ లేవు, అవి తినే చేపలూ లేవు. జట్టు మాత్రం ఉంది.)

అక్టోబరులో ఆటలు అయిపోయాయి. వాటితోపాటు రూఫస్ టాగర్ట్ ఒప్పందమూ అయిపోయింది. టాగర్ట్ ఎవరో మా ఊళ్ళో పిల్లికి కూడా చెప్పక్కర్లేదు. ఆరేళ్ళుగా మొదటి బేసు దగ్గర కోటగోడలా నిలబడి, బ్యాటు పట్టినప్పుడల్లా బంతిని సరస్సులో పడేసిన మనిషి. మనిషి భారీ, చెవులు అంతకంటే భారీ. ఒప్పందం తీరిన ఆటగాడు చలికాలమంతా సంతలో కట్టేసిన ఎద్దు లాంటివాడు. ఎవరైనా వచ్చి పళ్ళు చూసి తోలుకుపోవచ్చు. మరి అతన్ని మళ్ళీ కుదుర్చుకోవాలా, వద్దా? కుదుర్చుకోవాలని బారుల్లో అన్నారు, క్షౌరశాలల్లో అన్నారు, మంచు తవ్వుతూ అన్నారు, శుక్రవారం చర్చివాళ్ళు పెట్టే చేపల విందులో తింటూ అన్నారు. ఊరంతా ఒకే మాట అంటోంది కాబట్టి అందులో శాస్త్రీయత లేదని యాజమాన్యం దాన్ని పక్కన పెట్టింది.

లొరెట్టా జెలెన్‌కి ఈ విషయంలో ఏ అధికారమూ లేదు. ఆమెది కానుకల విభాగం. విభాగమంటే ఆమె, ఆమె కుర్చీ, ఒక ఫోను. ఏటా జూన్‌లో ఒక ఆదివారం స్టేడియానికి ముందుగా వచ్చినవాళ్ళకి పేరున్న ఆటగాడి బొమ్మ ఊరికే ఇస్తారు. మెడలో స్ప్రింగు ఉంటుంది, తట్టితే తంజావూరు బొమ్మలా తల ఊపుతుంది. ఆ బొమ్మ కోసం జనం పెళ్ళిళ్ళు వాయిదా వేసుకుంటారు. అది చైనాలో తయారై ఓడెక్కి రావాలి కనక చలికాలంలోనే పని మొదలవ్వాలి. ముఖం తనదేనని ఆటగాడు స్వయంగా ఒప్పుకోవాలన్నది నియమం. అందుకని నమూనా బొమ్మ టాగర్ట్ ఇంటికి వెళ్తుంది, టాగర్ట్ లొరెట్టాకి ఫోను చేస్తాడు.

ఇంకే విషయమ్మీదా అతను జట్టుకి ఫోను చేయకూడదు. ముందు చేసినవాడు లోకువైపోతాడని అతని తరఫున బేరాలు చూసే ఏజెంటు ఒట్టు వేయించుకున్నాడు. సరిగ్గా అదే ఒట్టు ఇటు యాజమాన్యమూ వేసుకుంది. ఇరువైపులా ఎవరూ లోకువ కాకుండా నవంబరు దిగ్విజయంగా గడిచింది.

మొదటి బొమ్మ అందగానే టాగర్ట్ ఫోను చేశాడు. బొమ్మ బాగుంది, చెవులు మాత్రం కాస్త తగ్గించమన్నాడు, అమ్మ చూస్తే నవ్వుతుందట. ఆ చెవులు ఇచ్చింది ఆ అమ్మే కదా అని లొరెట్టా గుర్తు చేసింది. అతను నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్, మనవాళ్ళ దగ్గర నా నంబరుందా?"

"ఉంది నాయనా. నేనే ఇచ్చాను."

"మరి ఎవరూ చేయలేదే. నాకు ఇక్కడే ఉండాలనుంది. పాత ఒప్పందమే రాయమనండి, చాలు. మీరు కాస్త వాళ్ళ చెవిన వేస్తారా?"

లొరెట్టా లిఫ్టు కోసం కూడా ఆగలేదు. మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్ళింది. అక్కడ ఆసక్తి నియంత్రణ విభాగం ఉపాధ్యక్షుడు కార్టర్ హెయిన్స్ ఉంటాడు. (జట్టు ఎవరిమీద ఎంత ఆసక్తి చూపించాలో నిర్ణయించే విభాగం. పెట్టిన దగ్గర్నుంచి ఎవరిమీదా ఏమీ చూపించలేదు. అందుకని ఉత్తమ విభాగం బహుమతి వరసగా దానికే వస్తోంది.) చేతుల్లేని ఉన్ని కోటు వేసుకున్న కుర్రాడు. బేస్‌బాల్ గురించి అతనికి తెలియనిది లేదు, ఒక్క ఆట తప్ప.

ఆమె చెప్పింది విని హెయిన్స్ బాధగా కళ్ళు మూసుకున్నాడు. ఈ మాట ఆమె వినలేదని, తనకి చెప్పలేదని, ముందు ఆ రెండూ ఖాయం చేసుకుందామన్నాడు. తర్వాత ఓపిగ్గా వివరించాడు. ఆటగాడు నోటితో చెప్పింది సమాచారం కిందికి రాదు. ఒకవేళ వస్తే మరీ ప్రమాదం. గత తొమ్మిదేళ్ళలో కొంగలు గెలుపుల పట్టికలో ఎంత అడుగున ఉన్నాయో ఆటగాళ్ళ విలువ లెక్కకట్టే కంప్యూటరుకి తెలుసు. అలాంటి జట్టులో కావాలని ఉంటానన్నవాడి బుర్రమీద దానికి అనుమానం వస్తుంది. ఉంటానన్న మరుక్షణం టాగర్ట్ విలువ పదిహేను శాతం పడిపోతుంది.

"అయితే పోతానంటే?" అంది లొరెట్టా.

"పెరుగుతుంది. కానీ అప్పుడు మనకి అందడు."

లొరెట్టాకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "ఒక్క మాట చెప్పండి బాబూ. మీకు అతను కావాలా, వద్దా?"

"ప్రాణమండీ. అతను లేకపోతే ఈ ఏడు మనం మునిగిపోయినట్టే."

"అయితే ఫోను చేయండి."

"చేస్తే ఆ సంగతి తెలిసిపోతుంది కదండీ."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ లొరెట్టా మాట్లాడేసరికి బొమ్మ సంగతి పైవాళ్ళ కంట్లో పడింది. అచ్చు గుద్దినట్టు టాగర్ట్‌లా ఉన్న బొమ్మని టాగర్ట్ ఇంటికే పంపడమా? అంతకన్నా బాహాటంగా ఆసక్తి చూపించడం ఏముంది? యాజమాన్యపు సంఘం కూర్చుంది. బొమ్మ ఆపేస్తే వద్దన్నట్టు, అచ్చంగా చేస్తే కావాలన్నట్టు. రెండూ కాకుండా మధ్యేమార్గంగా పోలిక డెబ్బై శాతానికి మించకూడదని ఆదేశం వచ్చింది. మిగతా ముప్ఫై శాతం ఎవరి పోలిక అని లొరెట్టా అడిగింది. ఎవరిదీ కాకుండా చూడమన్నారు.

ఫ్యాక్టరీవాళ్ళు బుద్ధిమంతులు, చెప్పింది చెప్పినట్టు చేశారు. రెండో బొమ్మ వెళ్ళింది. టాగర్ట్ ఫోను చేసి చెవులు చక్కగా తగ్గాయి, సంతోషం, కానీ ముఖం మాత్రం మా పళ్ళ డాక్టరుది అన్నాడు. ఏదో కారణం ఉండే ఉంటుందిలే అని తనే సర్దుకున్నాడు కూడా. మంచివాళ్ళతో ఉన్న చిక్కే అది, ఎదుటివాడి మూర్ఖత్వానికి కూడా వాళ్ళే కారణం వెతికి పెడతారు. మాటల్లో మాటగా ఇంకో సంగతి చెప్పాడు. ఎక్కడో దక్షిణాన ఎడారి ఊరి జట్టు మేనేజరు విమానమెక్కి వచ్చి, వాళ్ళమ్మ వేయించిన చేపలు రెండు పళ్ళేలు తిని, వద్దంటున్నా గిన్నెలు కడిగి వెళ్ళాడట.

ఇది కూడా లొరెట్టా మోసుకెళ్ళి పైన చెప్పింది. ఇప్పుడైనా కదులుతారనుకుంది. హెయిన్స్ ముఖం వెలిగిపోయింది. ఎడారివాళ్ళు ఆత్రం బయటపెట్టుకున్నారు, గిన్నెలు కడిగినవాడు ఇక బేరం ఎలా చేస్తాడు అన్నాడు. వాళ్ళ ఆత్రానికి తగ్గట్టు మన నిర్లిప్తత పెరగాలి కనక పోలికని నలభై శాతానికి దించారు. ఆ రోజు విలేఖరులు అడిగితే యాజమాన్యం గంభీరంగా ఒక ప్రకటన చేసింది. ఇన్నాళ్ళూ పరిస్థితిని గమనిస్తూ వచ్చామని, ఇకపై ఆ గమనించడాన్ని కూడా నిశితంగా పరిశీలిస్తామని అందులో ఉంది.

మూడో బొమ్మ అందిన రోజు బయట మంచు విపరీతంగా కురుస్తోంది. ఫోను మోగింది.

"మేడమ్, ఇది నేను కాదు."

"కాదు నాయనా."

"పళ్ళ డాక్టరు కూడా కాదు. ఎవరూ కాదు." టాగర్ట్ గొంతులో కోపం లేదు, అందుకే ఆమెకి భయం వేసింది. "చలికాలమంతా జట్టునుంచి నాకొచ్చినవి ఈ మూడు బొమ్మలే. మొదటిదాంట్లో నేనున్నాను. రెండోదాంట్లో సగం పోయాను. దీంట్లో అసలు లేను. ఇంకా అర్థం చేసుకోకపోతే నేను మొద్దునే."

బొమ్మ తప్ప ఇంకో మాట మాట్లాడకూడదన్న నిబంధన లొరెట్టా ఉద్యోగపు కాగితంలో ఉంది. దాన్ని ఆ పూట ఆమె గాలికొదిలేసింది.

"బొమ్మల్ని చూడకు నాయనా. నువ్వు వాళ్ళకి కావాలి. హెయిన్స్ నా ముందే అన్నాడు."

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"కావాలి గనక."

"మా ఆవిడ కావాలనిపించినప్పుడు నేను వెళ్ళి మా ఆవిడకే చెప్పాను మేడమ్," అన్నాడు టాగర్ట్. "సాయంత్రం ఎడారివాళ్ళకి మాట ఇవ్వాలి. ఈలోగా మనవాళ్ళు ఒక్కరు పలకరిస్తే చాలు, ఇవ్వను."

"లైన్లోనే ఉండు. పెట్టేయకు. నీకు పుణ్యముంటుంది."

ఆమె ఫోను పైకి మళ్ళించి మెట్లవైపు పరిగెత్తింది. ఆమెకి అరవై దాటాయి, మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. ఆయాసపడుతూ సమావేశపు గది తలుపు తోసేసరికి లోపల సంఘం మొత్తం ఉంది. చర్చిస్తున్న అంశం, టాగర్ట్‌కి ఫోను చేయకుండా ఫోను చేయడం ఎలా అన్నది. బల్లమీద ఫోనులో ఎర్రదీపం వెలిగి ఆరుతోంది.

"టాగర్ట్," అంది ఆమె. అంతకు మించి ఊపిరి లేదు.

అందరూ దీపం వంక చూశారు. ఎవరూ చెయ్యి చాపలేదు. ముందుగా తేరుకున్నది హెయిన్సే. "అతనే చేశాడు," అన్నాడు మెల్లగా, నమ్మలేనట్టు. "ముందు అతనే చేశాడు. మనం గెలిచాం."

గదిలో చప్పట్లు మోగాయి. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఫోను ఎత్తమని లొరెట్టా బతిమాలింది. ఎత్తడానికి అభ్యంతరం లేదుగానీ వెంటనే ఎత్తితే పక్కనే కూర్చుని ఎదురుచూస్తున్నట్టు ఉంటుందని న్యాయ సలహాదారు అన్నాడు. (నిజంగా పక్కనే కూర్చున్నారు. అది ఇంకా పెద్ద ఇబ్బంది.) ఎంతసేపు ఆగితే హుందాగా ఉంటుందన్నదానిమీద అభిప్రాయ భేదం వచ్చింది. లొరెట్టా తనే చెయ్యి చాపింది. ఆమె హోదా వాళ్ళు సమావేశపు గది ఫోను ముట్టుకోకూడదని ఒకావిడ చాలా మర్యాదగా ఫోనుని దూరం జరిపింది.

ఓటింగు పెట్టారు. హుందాగా ఆగాలని ఏకగ్రీవంగా తేలేసరికి దీపం ఆరిపోయింది.

సాయంత్రం టీవీలో టాగర్ట్ ఎడారి జట్టు టోపీ పెట్టుకుని కనిపించాడు. కొత్త టోపీ చెవుల దగ్గర పట్టలేదు. మర్నాటికల్లా ఊరు మాట మార్చింది. ద్రోహి అంది, డబ్బు పిచ్చోడు అంది. మంచు తోసే బండి నడిపే స్టాన్, లొరెట్టా చెల్లెలి మొగుడు, బారులో అందరూ వినేలా అదే పాట ఎత్తుకున్నాడు.

"చూశావా వదినా, ఆరేళ్ళు మన తిండి తిని, ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు."

"చెప్పాడు స్టాన్. ఫోను చేసి మరీ చెప్పాడు."

"ఎవరికి?"

"నాకు."

బారంతా పగలబడి నవ్వింది. లొరెట్టా బీరు సగంలోనే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది.

యాజమాన్యం నిరుత్సాహపడలేదు. చేయగలిగినదంతా చేశామని, ఆసక్తిని ఆఖరి నిమిషం వరకూ దాచి ఉంచగలిగామని పత్రికలకి చెప్పింది. ఈలోగా టాగర్ట్ ఒప్పుకోలు కోసం ఆగకుండానే ఇరవై వేల బొమ్మలు ఓడెక్కేశాయి. నలభై శాతం పోలికతో, చిన్న చెవులతో, ఎవరూ కాని ముఖంతో. వాటిని పారేయడం దుబారా కనక, ఆ ముఖానికి సరిపోయే ఆటగాడు ఎక్కడైనా ఉన్నాడేమో వెతకమని ఆదేశించారు. నెబ్రాస్కాలో దొరికాడు. పేరు డ్వైట్ ఫెంటన్. బ్యాటుకీ బంతికీ అతని దగ్గర పెద్దగా పరిచయం లేదు, కానీ ముక్కు సరిగ్గా అదే. అతనికి హెయిన్స్ స్వయంగా, తనే ముందు, మధ్యాహ్నం భోజనం కూడా మానుకుని ఫోను చేశాడు. అతనిమీద జట్టుకి ఏ ఆసక్తీ లేదు కాబట్టి నిబంధనలు అడ్డు రాలేదు. గంటలో ఒప్పందం అయిపోయింది.

అయినా టికెట్లు తెగలేదు. టాగర్ట్ ఎందుకు పోయాడో తేల్చమని యజమాని విచారణ సంఘాన్ని వేశాడు. హెయిన్స్ దానికి అధ్యక్షుడు. సంఘం నిష్పక్షపాతంగా అందర్నీ ప్రశ్నించింది. ఆ చలికాలంలో టాగర్ట్‌తో ఒక్క మాటైనా మాట్లాడలేదని అధికారులందరూ రుజువు చేసుకున్నారు. సంస్థ తరఫున అతనితో మాట్లాడింది లొరెట్టా జెలెన్ ఒక్కతే. చర్చలు విఫలమయ్యాయి. జరిగిన చర్చలు ఆమెవే కనక విఫలమైనవీ ఆమెవే అని సంఘం తేల్చింది. ఆమె పెట్టె సర్దుకుని వెళ్తుంటే హెయిన్స్ ద్వారం దాకా వచ్చి, వ్యక్తిగతంగా తనకి చాలా బాధగా ఉందని, ఆమె సంస్థకి ఎంత ముఖ్యమో చెప్పే వీలు ఇన్నాళ్ళూ దొరకలేదని అన్నాడు.

ఇలాంటి వైఫల్యం ఇంకెప్పుడూ జరక్కుండా, ఆటగాళ్ళతో మాట్లాడే ఆ ఒక్క ఉద్యోగాన్నీ యాజమాన్యం శాశ్వతంగా రద్దు చేసింది.