తట్టని తరం

"ఆ మహాపోరాటానికి పదేళ్లు నిండిన శుభ సందర్భంలో, ప్రత్యర్థి పట్టులో మెడ చిక్కుకున్నా తట్టకుండా ప్రపంచ విజేతగా నిలిచిన మన వీరుడి స్ఫూర్తిని భావితరాలకు అందించడానికి, ప్రభుత్వం 'తట్టని తరం' పథకాన్ని ప్రారంభిస్తోంది" అని క్రీడల మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించి, గ్లాసెడు మంచినీళ్లు తాగారు. ఆ నీళ్లు తాగిన తీరు కూడా ఎంతో నిరాడంబరంగా ఉందని మర్నాడు పేపర్లు రాశాయి.

ఆ పేపరు వచ్చేసరికి సదరు వీరుడి భార్య వ్యాయామశాలలో మోకాళ్ల మీద కూచుని పరుపులు తుడుస్తోంది. పరుపుకీ పరుపుకీ మధ్య సందులో చెమటా వెంట్రుకలూ చేరి ఉంటాయి. మందు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, వేలు పెట్టి మరీ తుడవాలి. లేకపోతే పిల్లలకి తామర వస్తుందని ఆమె భయం. ఆమెకి భయాలు చాలా ఉన్నాయి. అందులో ఇది చిన్నది.

తడి చేత్తోనే పేపరు పట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఏమండీ, మీరు గెలిచారట" అంది.

మూల కూచుని చేతికట్లు చుట్టలు చుడుతున్న భర్త తలెత్తాడు.

"ఎప్పుడు?"

"పదేళ్ల కిందట."

"మంచిదే" అని మళ్లీ చుట్టడంలో పడ్డాడు.

ఆయన్ని అందరూ ఉడుము అంటారు. పట్టు పడితే వదలడని ఆ పేరు. పదేళ్ల కిందట మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ టైటిల్ ఫైట్‌లో, ఇనప వలల పంజరంలో, మూడు రౌండ్లు ప్రపంచ ఛాంపియన్‌ని కుమ్మి వదిలిపెట్టాడు. నాలుగో రౌండులో ఒక్క క్షణం గడ్డం ఎత్తాడు. అవతలివాడు వెనక చేరి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. ఈ ఆటలో ఒక మర్యాద ఉంది. పట్టు బిగిసి ఇక తన వల్ల కాదనుకున్నవాడు అరచేత్తో నేల మీదో అవతలివాడి చేతి మీదో తడతాడు. తట్టిన మరుక్షణం అవతలివాడు వదిలెయ్యాలి. తట్టినవాడు ఓడినట్టు. ఉడుము తట్టాడు. చప్పుడు హాలంతా వినపడింది. అప్పుడు ఆమె కడుపుతో ఉంది. తనూ కడుపులో బిడ్డా గుర్తొచ్చి తట్టాడేమోనని ఆమె ఆశపడి, ఇంటికొచ్చాక అడిగింది కూడా. "గుర్తు తెచ్చుకునే టైమెక్కడిది, మెడ నొప్పేసింది" అన్నాడు. ఆ జవాబు ఆమెకి మొదట్లో చిన్నతనంగా అనిపించినా, తర్వాత తర్వాత నచ్చింది. మెడ నొప్పేస్తే తట్టేవాడు ఇంటికొస్తాడు.

ఆ ఓటమి జనం నోట్లో పడి నెమ్మదిగా కోలుకుంది. మొదటి ఏడు "వెంట్రుకవాసిలో పోయింది" అన్నారు. ఆ తర్వాత "అన్యాయంగా పోయింది" అన్నారు. మరి కొన్నాళ్లకి "నిజానికి గెలిచింది మనవాడే" అన్నారు. ఈ ఏడు మంత్రిగారు ఆ 'నిజానికి' అన్నది కూడా తీసేశారు. ఆనాడు తాను మొదటి వరసలో కూచుని కళ్లారా చూశానని కూడా చెప్పారు. ఆ హాల్లో మొదటి వరస చాలా పొడవై ఉండాలి. ఇప్పుడు పదవుల్లో ఉన్నవాళ్లంతా అందులోనే కూచున్నారు.

క్రీడల శాఖవారు ఆనాటి వీడియో కూడా విడుదల చేశారు. మెడ చిక్కేదాకా అంతా ఉంది. ఆ తర్వాత సూర్యోదయం ఉంది.

వారం తిరక్కుండా క్రీడాధికారి వ్యాయామశాలకి దయచేశారు. చేతిలో కొత్త బెల్టు ఉంది. అసలు బెల్టు కన్నా పెద్దది. ఉడుము నడుముకి పెడితే తుంటి మీదకి జారింది. పట్టుకుని నిలబడమన్నారు, ఫొటో తీశారు.

"సార్, నేను ఆ రోజు తట్టానండీ" అన్నాడు ఉడుము.

అధికారి ఎంతో ఓర్పుగా విన్నారు.

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం" అన్నారు. "అప్పుడు మీరు ఊపిరాడని స్థితిలో ఉన్నారు. మంత్రిగారు పూర్తి స్పృహలో ఉండి చూశారు. ఎవరి మాట నమ్మమంటారు?"

ఉడుము ఆలోచించాడు. అందులో తప్పేమీ కనపడలేదు.

తర్వాత అధికారి ఉత్తర్వు చదివారు. ఈ రోజు నుంచి శాఖ ఆధీనంలో ఉన్న అన్ని వ్యాయామశాలల్లో తట్టడం నిషేధం. ఈ వ్యాయామశాల శాఖదే. గోడలూ పైకప్పూ పరుపులూ శాఖవే. ఉడుము కూడా ఏడాదికోసారి కొత్తగా రాసుకునే కాంట్రాక్టు మీద శాఖవాడే.

ఆమె గుడ్డ పిండుతూ పిండుతూ ఆగింది.

"మరి ఊపిరాడకపోతే పిల్లలేం చెయ్యాలి సార్?"

"ఊపిరాడటం లేదని అర్జీ పెట్టుకోవచ్చమ్మా. దానికి అభ్యంతరం లేదు."

"మెడ పట్టులో ఉండగానా?"

"ముందుగా పెట్టుకుంటే మంచిది" అన్నారాయన, ఆమె మేలు కోరే మనిషిలాగే.

అసలు కబురు చివర్లో చెప్పారు. ప్రారంభోత్సవ సభలో ఆ చారిత్రక ఘట్టాన్ని మళ్లీ కళ్లకు కట్టిస్తారట. వీరుడి రక్తం పంచుకు పుట్టిన కూతురు చిట్టి వేదిక మీద కూచుంటుంది. మంత్రిగారు స్వయంగా వెనక నుంచి ఆ మహాపట్టు వేస్తారు. చిట్టి తట్టదు. సభ లేచి నిలబడుతుంది.

చిట్టికి తొమ్మిదేళ్లు. మంత్రిగారి చెయ్యి చిట్టి నడుమంత ఉంటుంది.

"సార్‌కి పట్టు వెయ్యడం వచ్చా?" అన్నాడు ఉడుము.

"వీడియో చూసి నేర్చుకున్నారు. రోజూ ఇంట్లో దిండుతో సాధన చేస్తున్నారు. పోయిన వారం రెండు దిండ్లు పిగిలాయి" అన్నారు అధికారి. "ఏ దిండూ తట్టలేదు."

అవతల పరుపు మీద చిట్టి తన ఈడు పిల్లలతో దొర్లుతోంది. ఎవత్తో చెయ్యి మెలిపెడితే ఠపఠపా తట్టి, వదిలాక నవ్వుతోంది. ఆ ఠపఠప వినపడినంతసేపూ ఆమె నిశ్చింతగా పరుపులు తుడుచుకోగలదు. వినపడకపోతేనే తలెత్తి చూస్తుంది.

అధికారి అలా వెళ్లగానే ఉడుము బెల్టు తీసి మూల పడేశాడు. వ్యాయామశాల పోతే పోనీ, పిల్లని పంపేది లేదన్నాడు. ఆమె కూడా అదే అంది. తెల్లారగానే అదే మాట చెప్పి రమ్మని ఆయన్ని పంపింది. ఆయన వెళ్లినంత వేగంగానే తిరిగొచ్చాడు. అధికారి ఏమీ కోప్పడలేదట. చిట్టి కాకపోతే చిట్టితో ఆడుకునే టైలరు కూతుర్ని పిలుస్తామన్నారట. వేదిక కట్టేశారు, దండలు కట్టేశారు, ఎవరో ఒకరి మెడ మాత్రం కావాలన్నారట.

టైలరు భార్య ఈమెకి వదిన వరస. ఆ పిల్ల మెడ చిట్టి మెడ కన్నా సన్నం.

ఆ రోజంతా ఆమె చేతిలో గుడ్డ ఒకచోటే తిరిగింది. చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయినా, పంజరం బయట కూచుని పదేళ్లు ఆట చూసిన మనిషి. ఎవరు పైన ఉన్నారు, ఎవరు కింద ఉన్నారు అన్న లెక్క ఆమెకి బాగా తెలుసు. అధికారి చెప్పిన నాటకాన్ని మనసులో ఒకసారి ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ ఆడించుకుంది. గుడ్డ బకెట్లో పడేసి, చెయ్యి కడుక్కుని, తిన్నగా అధికారి ఆఫీసుకి వెళ్లింది.

"సార్, నాకు తెలియక అడుగుతాను" అని మొదలుపెట్టింది. ఆ మాట వినగానే అధికారులకి ఎంతో హాయిగా ఉంటుంది. ఆయన కూడా వెనక్కి వాలారు.

"ఆ రోజు పట్టు వేసింది ఎవరు సార్?"

"శత్రువు."

"పట్టులో మెడ ఉంచి తట్టనిది?"

"మన వీరుడు."

"మరి మంత్రిగారు పట్టు వేస్తున్నారు కదా సార్."

అధికారి ముందుకి వాలారు. ఆయన నుదుటి మీద చెమట పట్టడం ఆమె చూసింది. మంత్రిగారిని వేలమంది ముందు శత్రువు వేషంలో నిలబెట్టబోయిన సంగతి ఆయనకి ఆ క్షణం దాకా తట్టలేదు. ఫోను తీసుకుని లేచి నిలబడి మాట్లాడారు. అటునుంచి మంత్రిగారు, వీరుడి స్థానం తనదేనని తాను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాననీ, తన మాట ఎవరూ వినిపించుకోలేదనీ బాధపడ్డారు. పట్టు చిట్టి వెయ్యాలి, మెడ మంత్రిగారు ఉంచాలి అని తేలింది.

"పాప చిన్నది కదా, బిగించలేదు, ఫరవాలేదు" అన్నారు అధికారి ఫోను పెట్టేసి.

"చిన్నదే సార్" అందామె.

సభ రోజు వేదిక మీద పంజరం కట్టారు. వలలకి రంగు కాగితాలు అంటించారు. అధికారి చిట్టిని పక్కకి పిలిచి పాఠం చెప్పారు. పట్టు వెయ్యాలి, మంత్రిగారు ఒక్క ఊపుతో లేచి నిలబడతారు, చిట్టి జారి కింద పడాలి.

"పడకపోతే?" అంది చిట్టి.

"పడతావమ్మా. కార్యక్రమంలో వేశాం" అన్నారు.

తండ్రి ఆ పిల్లకి ఒకటే చెప్పాడు. పట్టుకుంటే పట్టుకున్నట్టు పట్టుకో, తట్టగానే వదిలెయ్. ఆయనకి తెలిసిన ఆట అంతే.

మంత్రిగారు ఉపన్యసించారు. తట్టడం బానిస బుద్ధి అన్నారు. తట్టే చెయ్యి రేపు దేన్నయినా తడుతుందన్నారు. ఆ ముక్కకి ఎవరికీ అర్థం తెలియలేదు గనుక చప్పట్లు మరీ జోరుగా మోగాయి. కండువా తీసి పి.ఎ. చేతికిచ్చి, పంజరంలోకి వెళ్లి, కొత్త పరుపు మీద బాసింపట్టు వేసుకు కూచున్నారు. చిట్టి వెనక చేరింది. తల్లి వేదిక మెట్ల దగ్గర నిలబడి పైట కొంగు నోట్లో కుక్కుకుంది. కూతురు మోచెయ్యి సరిగ్గా గడ్డం కింద పడింది. రెండో చెయ్యి తల వెనక్కి వెళ్లింది. నేర్పినట్టే వేసింది. ఉడుము కూతురు కదా.

మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు అక్కడే ఉండిపోయింది. ముఖం దాని చుట్టూ రంగులు మారింది. లేచి నిలబడే ఊపు రాలేదు. కుడిచెయ్యి లేచి పరుపు మీద పడింది. ఠప్. మళ్లీ ఠపఠప.

చప్పుడు హాలంతా పాకింది. పదేళ్ల కిందట ఎలా వినపడిందో అలాగే వినపడింది.

అధికారి మైకు అందుకున్నారు. తట్టారని చెప్పడానికి లేదు. తట్టడం అన్నది ఇప్పుడు రాష్ట్రంలో లేదు.

"మంత్రివర్యులు మనందర్నీ ఉత్సాహపరుస్తున్నారు. మీరూ కలపండి" అన్నారు.

జనం కలిపారు. మంత్రిగారు ఎంత వేగంగా తడితే జనం అంత వేగంగా చప్పట్లు కొట్టారు. మంత్రిగారు రెండో చెయ్యి కూడా దింపారు. ఆ ఉత్సాహానికి ముందు వరసలవాళ్లు లేచి నిలబడ్డారు. చిట్టికి అయోమయమైంది. వదిలేద్దామంటే ఇన్నివేల చేతుల్లో తట్టేది ఏదో, చప్పట్లేవో తెలియడం లేదు. మెట్ల వైపు చూసింది.

"అమ్మా, ఈయన తడుతున్నాడు కదూ?"

తల్లి నోట్లోంచి కొంగు తీసింది. ఆమె ఏ పట్టు చూసి ఇన్నాళ్లూ బెదిరిందో ఆ పట్టులో ఇప్పుడు ఎవరో పరాయి మనిషి మెడ ఉంది. నాలుగు రోజులుగా ఆ మెడ మీద ఆమెకి ఉన్నది జాలి కాదు. అయినా ఆ చేతులు పరుపు మీద పడే తీరు ఆమెకి తెలుసు.

"తడుతున్నాడమ్మా. వదిలెయ్."

చిట్టి వదిలేసింది. మంత్రిగారు పక్కకి ఒరిగారు. ఉడుము లోపలికి వెళ్లి ఆయన్ని లేపి కూచోబెట్టి, గుండెల మీద రాసి, "మంచిపని చేశారు సార్, టైముకి తట్టారు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. మైకులో పడింది. అధికారి వెంటనే మైకు కట్టేయించారు.

మంత్రిగారికి నోట మాట రాలేదు. ఉద్వేగంతో మాటలు రాలేదని మర్నాడు పేపర్లు రాశాయి. గుక్క తిప్పుకోకుండా పట్టులో నిలిచి, ఒక చిన్నారి అలిసిపోయేదాకా తట్టని మహామనీషి అని రాశాయి. ఫొటోలో చేతులు రెండూ గాలిలో ఉన్నాయి. ఆశీర్వదిస్తున్నట్టున్నాయి.

రెండు రోజులకి వ్యాయామశాల ముందు లారీ ఆగింది. మనుషులు కొత్త పరుపుల చుట్టలు దించారు. పాతవాటి కన్నా మందం, పైన మెత్తటి గుడ్డ. వెంట అధికారి వచ్చారు.

"అన్ని వ్యాయామశాలలకీ ఇవే. మంత్రిగారు స్వయంగా ఎంపిక చేశారు" అన్నారు.

ఆమె వంగి ఒక పరుపు మీద అరచేత్తో కొట్టింది. మళ్లీ గట్టిగా కొట్టింది. ఏమీ వినపడలేదు.

"ఇక తట్టొచ్చా సార్?"

"ఉత్తర్వు అలాగే ఉందమ్మా. తట్టకూడదు." ఆయన ఒక్క క్షణం ఆగారు. "తట్టినట్టు వినపడకూడదు."

"పిల్లలవి మెత్తటి చేతులు సార్, ఇక నాకు వినపడవు. నేను తలెత్తి చూస్తూనే ఉంటాను లెండి" అందామె.

లారీ వెళ్లిపోయింది. అధికారి వెళ్లలేదు. గుమ్మం దాకా వెళ్లి, రోడ్డు అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చారు. బూట్లు విప్పి పక్కన పెట్టారు. మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది.

"వచ్చే ఆదివారం శాఖ అధికారులందరం వేదికెక్కాలట. ఆదర్శంగా ఉండాలని మంత్రిగారు ఆదేశించారు. పట్టు ఆయనే వేస్తారు" అన్నారు. చొక్కా పై గుండీ తీసి, పరుపు మీద నెమ్మదిగా చతికిలబడి, ఉడుము వైపు చూశారు.

"ఏమయ్యా, మరీ మెల్లగా తడితే అవతలివాడికి తెలుస్తుందంటావా?"