తలుపు ఎత్తు గొడుగులో, వెడల్పు పిచ్చుకలో

వ్యాపారం చేసుకునే వాళ్లందరికీ నా సలహా ఒక్కటే. ఆఫీసు పనికి క్లౌడ్ సాఫ్ట్‌వేర్ కొనకండి! రెండు కంపెనీలవి తెచ్చుకుని, ఏది మంచిదో పోల్చి చూస్తూ కూర్చోండి. మనిషికి ఇంతకు మించిన సుఖం లేదు!

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. నేనూ మా బావమరిదీ కలిసి తలుపులు, కిటికీలు చేయించి అమ్ముతాం. ముందు గదిలో ఆఫీసు. వెనక షెడ్డులో మేస్త్రి, రంపం, పొట్టు.

క్లౌడ్ అంటే ఏముందండీ? మన ఫైళ్లు మన దగ్గర కాకుండా ఎక్కడో వాళ్ల కంప్యూటర్లలో ఉంటాయి. ఎక్కడినుంచైనా తెరిచి చూసుకోవచ్చు. మా బావమరిది స్నానాల గదిలోంచి కూడా చూస్తాడు. మా నాన్నకి ఈ సౌకర్యం ఎక్కడిది? పాపం, ఆయన స్నానం చేసి వచ్చేసేవాడు.

నాకు గొడుగు బొమ్మ ఉన్న కంపెనీది నచ్చింది. వాడికి పిచ్చుక బొమ్మది. కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడమన్నారు. ఆ గడువు అయిపోగానే మా ఆవిడ పేరు మీద మళ్లీ చేరాం. అదీ అయిపోయాక మా అత్తగారి పేరు మీద. ఆవిడ ఇప్పుడు రెండుచోట్లా మేనేజింగ్ డైరెక్టరు. సంగతి ఇంకా ఆవిడకి చెప్పలేదు.

ఈ పోలిక మొదలయ్యాక మా ఆఫీసుకి ఎంత క్రమశిక్షణ వచ్చిందనుకున్నారు! ఇదివరకు ఏముండేది? "ఒరేయ్, ఆ కిటికీ అయిందా?" అని నేను కేకేస్తే, "అవుతుందిలే బావా, ముందు టీ తాగొద్దాం పద" అని వాడు కుర్చీ ఇటు తిప్పేవాడు. టీ కొట్టు దగ్గర కబుర్లతో బోలెడంత కాలం వృథా! ఇప్పుడో? నేను గొడుగులో కామెంట్ పెడతాను. వాడు పిచ్చుకలో బొటనవేలి బొమ్మ పెడతాడు. మా కుర్చీల మధ్య జానెడు దూరం. చీమ చిటుక్కుమనదు!

పరీక్ష నిష్పక్షపాతంగా జరగాలి కదా? అందుకని ప్రతి పనీ రెండింటికీ సమానంగా పంచాలనుకున్నాం. ఆఫీసు విషయం ఒక్కటి కూడా నోటితో చెప్పకూడదనుకున్నాం. చెబితే పోటీ చెడిపోదూ!

సరిగ్గా అప్పుడే పళ్ల డాక్టరమ్మ ఆర్డరు వచ్చింది. సోమవారం కొత్త క్లినిక్ తెరుస్తోంది. ఆలోగా గుమ్మానికి తలుపు నిలబడాలి. న్యాయంగా పంచాం. ఎత్తు గొడుగులో రాశాం, వెడల్పు పిచ్చుకలో రాశాం!

మధ్యలో డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది. "అంకుల్, పేషెంట్లు పడుకునే కుర్చీ లోపలికి పట్టట్లేదు. గుమ్మం ఇంకో మూరెడు వెడల్పు చేయించాను. మీరూ తలుపు పెంచేయండి."

తక్షణం రాసి పెట్టాను. ఎక్కడ? గొడుగులో! ఎర్ర రంగులో, బావమరిది పేరు తగిలించి మరీ! వాడేమో గొడుగు నోటిఫికేషన్ల మోతలు వింటే పిచ్చుకకి అన్యాయం జరుగుతుందని వాటి నోరు ఎప్పుడో నొక్కేశాడు. వాడి చెవి నా పక్కనే ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మాటంటే మాటే!

ఆదివారం పొద్దున్నే మేస్త్రితో వెళ్లి చట్రంతో సహా తలుపు బిగించి, తాళం వేసి చూపించాం. డాక్టరమ్మ తాళం తీయకుండానే లోపలికి వెళ్లింది. పక్కన మిగిలిన సందులోంచి!

అటునుంచే అడిగింది. "మీరిద్దరూ ఎక్కడెక్కడ కూర్చుంటారు అంకుల్?"

"ఒకే బల్ల దగ్గరమ్మా."

"మరి చెప్పుకోవచ్చుగా?"

మా బావమరిది గొంతు సవరించుకున్నాడు. "పోల్చి చూస్తున్నాం మేడమ్."

"ఏది గెలిచిందో నాక్కూడా చెప్పండి సార్, ఈ సందుకి దాని బొమ్మ చెక్కి బిగిస్తా" అన్నాడు మేస్త్రి.

ఇంక చూడండి నా కష్టం! చట్రం విప్పాం. పెద్ద రెక్క పక్కన చిన్న రెక్క ఒకటి చేయాలన్నాడు మేస్త్రి. టేపు ఆ చివర బావమరిది, ఈ చివర నేను. కొలత నేను అరిచాను, వాడు తిరిగి అరిచాడు, మేస్త్రి చెక్క మీదే పెన్సిల్‌తో గీశాడు. ఎంత పాతకాలపు పద్ధతి! సాయంత్రానికి రెండు రెక్కలూ తెరిస్తే కుర్చీ దర్జాగా లోపలికి వెళ్లింది. డాక్టరమ్మ టీ తెప్పించింది.

"నీ గొంతు ఇంత పెద్దదని మర్చిపోయా బావా" అన్నాడు వాడు, మీసాల మీద రంపపు పొట్టుతో. ఎంత నవ్వామో! పోల్చి చూసే పనికి ఒక రోజంతా దండగ.

సోమవారం క్లినిక్ తెరుచుకుంది. మేం కూడా మా బల్ల దగ్గర కూర్చున్నాం. కాసేపటికి పిచ్చుక కూసింది. "నిన్న భలే గడిచింది బావా." పక్కన పూలగుత్తి బొమ్మ. తిరిగి చూశాను. వాడి వీపు కనిపించింది.

కాబట్టి పాఠకులారా, నేను పోల్చడం ఆపను. గొడుగులో ఎంత చోటిస్తారో, పిచ్చుకలో ఎంతమంది చేరొచ్చో అన్నీ చూశాను. ఒక్క సౌకర్యం కోసమే ఇంకా వెతుకుతున్నాను. నొక్కగానే పక్క కుర్చీలో మనిషి ఇటు తిరిగే బటన్! అది ఏ ప్లాన్‌లో ఉందో తెలిస్తే చెప్పండి, అదే కొనేస్తాను.

కామెంట్‌లో మాత్రం చెప్పకండి. ఆఫీసుకి రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.