కావలివాడు అటు తిరిగాడు

గురక పెట్టే మొగుడితో వేగవచ్చు, పేకాడే మొగుడితోనూ వేగవచ్చు. సినిమా విమర్శకుడితో వేగడం ఎవరి తరమూ కాదు. ఈ మహానుభావుడు కాఫీ తాగి కూడా, "మొదటి సగం పర్వాలేదు, తర్వాత సాగదీశావు" అంటాడు భార్యతో.

ఆ ఉదయం ఆయనకున్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా సమీక్ష పంపాలి. ఈసారి ఆలస్యమైతే ఆ శీర్షిక ఇంకొకరికి ఇచ్చేస్తానని సంపాదకుడు తెగేసి చెప్పాడు. సినిమా ఏమో శత్రువుల చెర నుంచి పారిపోయే యుద్ధఖైదీల కథ.

"ఒక్క చోటైనా గుండె ఝల్లుమనలేదోయ్! ఖైదీ పాక్కుంటూ వస్తుంటే కావలివాడు సరిగ్గా అప్పుడే అటు తిరుగుతాడట. ఎక్కడైనా జరుగుతుందా?"

"జరగదని మీరు పాకి చూశారా?" అనేసి భార్య బ్యాంకుకు వెళ్లిపోయింది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. హాల్లో గుమ్మం పక్కన అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఆవిడవి డేగకళ్లు. ఇంతకు మించిన కావలి ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ పట్టేసుకుంటే సినిమా అబద్ధమని రుజువైనట్టే. బయటే కూర్చుని రాసేద్దామని ల్యాప్‌టాప్ సంచీ వీపుకు తగిలించుకుని, చెప్పులు చంకన పెట్టుకుని నేల మీద పాకడం మొదలుపెట్టాడు.

సోఫా వెనక నుంచి తల బయటపెట్టాడు. అత్తగారు కిటికీ వైపు తిరిగారు. బల్ల కింద దూరాడు. ఆవిడ గోడ కేసి చూశారు. మోచేయి తగిలి స్టీలు గ్లాసు ఖంగున పడింది. ఆవిడ ఏకంగా కళ్లు మూసుకున్నారు. ఈవిడకి చూపు పోయిందా, చెవుడొచ్చిందా? ఏమీ అర్థంకాక గుమ్మం దాటి, పెరట్లో నీళ్ల డ్రమ్ము వెనక కూలబడి సమీక్ష మొదలుపెట్టాడు.

నాలుగు వాక్యాలైనా కాకముందే వీధి గేటు దడాలుమంది. బావమరిది గొంతు! "అక్కా, నువ్వు గేటు దగ్గరుండు. గోడ దూకకుండా నేను చూస్తా!"

ఇంట్లో దొంగ పడ్డాడా? ఈ అవతారంలో కనబడితే ముందు తన్ని, తర్వాత బావా అంటాడేమో! విమర్శకుడు ఊపిరి బిగబట్టాడు. అడుగుల చప్పుడు డ్రమ్ము దాకా వచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. సంపాదకుడు.

"దొరికాడు! ఏం బావా, ఇల్లొదిలి పోయేంత కష్టం ఏమొచ్చింది నీకు?"

"నేనెక్కడికి పోతున్నానురా?"

"అల్లుడుగారు సంచీ సర్దుకుని పాక్కుంటూ వెళ్లిపోతున్నారని అమ్మ ఫోన్ చేస్తేనూ!"

"అంటే... చూశారా? మరి ఆపలేదేం?"

అత్తగారు తలుపు చాటునుంచి, గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన కూతురికి జవాబు చెప్పారు. "అల్లుడుగారు అలా నేల మీద దేకుతుంటే కళ్లప్పగించి చూడ్డం మర్యాదటే? అందుకే అటు తిరిగాను."

విమర్శకుడు ఇంకా మోగుతున్న ఫోను ఎత్తాడు. "ఇదిగో, చెప్తాను రాసుకోండి. కావలివాడు అటు తిరుగుతాడు. నక్కి ఉన్నవాడికి అడుగుల చప్పుడు వింటే పైప్రాణాలు పైనే పోతాయి. సినిమావాళ్లు చూపించింది అక్షరాలా నిజం. తప్పు నాదే."

భార్య చటుక్కున ఫోను లాక్కుంది. "సంపాదకుడుగారూ, ఆ చివరి మాట పెద్దక్షరాల్లో వెయ్యండి. పటం కట్టించుకుంటాను."